గాలి కోసం గీసిన గోడ

నేను గీసిన గోడల్లో చాలావాటిని మరిచిపోయాను. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడికి ఎన్ని గుర్తుంటాయి? స్కూళ్ల ప్రహరీలు, ఆసుపత్రుల వరండాలు, గోడౌన్లు. ఒక్క గోడ మాత్రం నన్ను వదలడం లేదు. దాన్ని కట్టించడం నా తప్పా, మూయనివ్వడం నా తప్పా అన్నది రిటైరై మూడేళ్లయినా తేలలేదు. కంప్యూటర్ల ముందు కూర్చుని పచ్చభవనాలు, అదే గ్రీన్ బిల్డింగులు, గీస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి సలహా కోసం వస్తుంటారు. సలహా నా దగ్గర లేదు. జరిగింది చెబుతాను. మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పండి.

నేను ఐటీఐ చదివినవాణ్ణి. అంతకుమించి నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. సాయంత్రం ఆఫీసు వదలగానే బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కి, వన్‌టౌన్‌లో దిగి, బస్తాల తోపుడు బళ్ల మధ్యనుంచి తప్పుకుంటూ వెళ్లి గ్రంథాలయం మెట్లెక్కేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క. మొదటి పుస్తకం పూర్తవడానికి ఏడు నెలలు పట్టింది. ఎండదేశాల పాత ఇళ్లు కరెంటు లేని రోజుల్లో గాలిని ఎలా పిలుచుకునేవో, చిన్న కన్నాల గోడలోంచి వచ్చే గాలి ఎందుకు వడిగా వస్తుందో, ఒక్క సిమెంటు బస్తా వెనక ఎంత బొగ్గు మండుతుందో అన్నీ నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నాను. అలాంటివి పదకొండు పుస్తకాలు అయ్యాయి. ఆఫీసులో మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారు, నన్ను పేరుతో పిలిచేవారు కాదు. "ఏమయ్యా లైబ్రరీ, ఆ షీటు ఇలా పట్రా" అనేవారు. ఆయన అనుకోవడం అది వెక్కిరింత. నాకది బిరుదు.

అలాంటి రోజుల్లో మాకొక కొత్త పని వచ్చింది. మంగళగిరి దాటాక కొత్తగా వేస్తున్న పేటలో అన్నీ పద్ధతిగా కట్టాలని పైవాళ్ల పట్టుదల. తక్కువ సిమెంటు, తక్కువ కరెంటు, కర్బనం లెక్క తక్కువగా తేలాలి. ఆ పేటలో మొదటి ప్రభుత్వ భవనం నేతశాల. మంగళగిరిలో ఒక పల్లపు సందులో పన్నెండు కుటుంబాలు గుంట మగ్గాల మీద నేసుకుంటున్నాయి. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గం. వానాకాలం వస్తే ఆ గుంటల్లోకి నీళ్లు ఊరతాయి. మగ్గం ఆగిపోతుంది. రెండు నెలలు, ఒక్కో ఏడాది మూడు నెలలు. ఆ పన్నెండు మగ్గాలకీ ఎత్తు అరుగు మీద, గుంటల్లో నీళ్లూరని హాలు కట్టివ్వాలి. భవనం బాగా కుదిరితే పచ్చభవనం అని ఫలకం ఇస్తారు. శాఖలో అప్పటికి ఎవరికీ రాని ఫలకం అది.

డిజైను చేయడానికి బయటినుంచి ఒక ఆర్కిటెక్టు అమ్మాయిని పెట్టారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటి మీటింగులో నేను వెనక బల్ల దగ్గర షీట్లు చుట్టుకుంటుంటే, ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "అంకుల్, మీరేమంటారు?" అని అడిగింది.

ముప్పై రెండేళ్ల సర్వీసులో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. షీట్లు బల్లమీద పెట్టేశాను. తరవాత అరగంట మాట్లాడాను. తూర్పు పడమర గోడలు రెండూ కన్నాల గోడలుగా, అంటే జాలీలుగా కడదామన్నాను. బూడిద ఇటుక, సున్నం వాడదామన్నాను. సాయంత్రం సముద్రం గాలి ఒక వైపునుంచి వచ్చి రెండో వైపునుంచి పోతుంది, పంకాలక్కరలేదు అన్నాను. పడమటి ఎండకి అడ్డంగా చెట్లు పెడదామన్నాను. ఈఈ గారు నోరు తెరిచి చూశారు.

"ఏవయ్యా, ఇదంతా లైబ్రరీలోదేనా?"

"అవునండీ."

"మరి ఇన్నాళ్లూ నేను బాత్రూములు గీయమంటే గీశావేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

గీసేముందు ఒకసారి నేతగాళ్ల ఇళ్లు చూద్దామని వెళ్లాను. అది మార్చి నెల. ఇక్కడే నా అసలు తప్పు జరిగింది. నేను చూడకపోవడం కాదు తప్పు, చూశాను. ప్రతి ఇంట్లోనూ మగ్గం గది కిటికీకి పాత చీరో గోనెపట్టానో కట్టి ఉంది. కొన్ని తడిగా కూడా ఉన్నాయి. లోపల ఉక్క, చీకటి. ఒక పెద్దాయన మగ్గంలో కూర్చుని చెమటలు కక్కుతూ నేస్తున్నాడు. ఆ సందుకంతటికీ ఆయన మాటే మాట. ఆయన భార్య పక్కనే రాట్నం మీద దారం కండెలు చుడుతోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. పాపం, కిటికీలకి తలుపులు కూడా లేవు, ఎండకి చీరలు కట్టుకున్నారు అనుకున్నాను. నోటుపుస్తకంలో "గాలి బొత్తిగా లేదు, దయనీయం" అని రాసుకున్నాను. ఆ చీర ఎందుకు కట్టారని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని. పెద్దాయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

భవనం లేచింది. అందంగా లేచింది. కన్నాల గుండా పొద్దున పడే వెలుగు నేలమీద పరుచుకుంటే, దాన్ని చూడటానికే ఆదివారాలు మోపెడ్ మీద వెళ్లేవాణ్ణి. పడమటి చెట్లు మాత్రం మోకాలెత్తు దాటలేదు. నా డ్రాయింగులో అవి కప్పుకంటే ఎత్తుగా ఉన్నాయి. కంప్యూటర్లో చెట్టు ఒక్క నొక్కుతో పెరుగుతుంది, నేలమీద దానికి తొందరేమీ ఉండదు.

మరుసటి ఏడు ఏప్రిల్ చివర్లో తనిఖీ పెట్టారు. ఫలకం ఇచ్చేవాళ్లు, మా పైవాళ్లు, అందరూ కలిపి ఏడెనిమిది మంది. ఆ రోజు సంతకాలు పడితే హాలు నేతగాళ్లకి అప్పగిస్తారు. పడకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పక్క స్థలంలో రేకుల షెడ్డులో నడుస్తున్న ఇంకో ఆఫీసువాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి హాలు కొలుచుకుని వెళ్లారు. తనిఖీవాళ్లకి చూపించడానికి ఒక మగ్గం ముందే బిగించి, పెద్దాయన్ని నేయమని కూర్చోబెట్టారు.

పదకొండు గంటలకి కార్లు దిగారు. బయట రోడ్డు కాలిపోతోంది. లోపలికి అడుగుపెట్టగానే గాలి రివ్వుమంది.

"అబ్బ! ఏసీ లేదంటే ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు ఒకాయన.

"ఒక్క పంకా కూడా లేదండీ" అన్నారు ఈఈ గారు, తనే ఆ గాలి వీస్తున్నట్టు. ఆర్కిటెక్టు అమ్మాయి నా వైపు చూసి బొటనవేలు ఎత్తింది. నా ఛాతీ ఎంత పొంగిందో చెబితే నమ్మరు.

అప్పుడు పెద్దాయన వైపు చూశాను. ఆయన నేయడం లేదు. ముందుకి వంగి, తెగిన పోగు ముడివేస్తున్నాడు. వేశాడు. దారం కండె పెట్టిన నాడె విసిరాడు. నాలుగు పేకలు పడ్డాయో లేదో ఇంకోటి తెగింది. మళ్లీ వంగాడు. దగ్గరికి వెళ్లాను. మగ్గం మీద నిలువునా బిగించి గంజి పెట్టిన పడుగు దారాలు ఆ గాలికి ఎండి బిరుసెక్కి, తంబూరా తీగల్లా వణుకుతోంది. అరగంటలో ఆయన బెత్తెడు కూడా నేయలేదు.

"ఏంటండీ, దారం నాసిరకమా?" అని మెల్లగా అడిగాను.

"దారం మంచిదే సారూ."

"మరి?"

ఆయన తలెత్తకుండా అన్నాడు. "గాలి బాగుందండీ. మనిషికి చాలా బాగుంది. పోగుకే పడదు. తేమ ఉండాల దానికి. ఇంటికాడ తడిగుడ్డలు కట్టుకుంటాంగా, మీరు చూశారుగా."

నేను చూశాను కదా! పదకొండు నోటుపుస్తకాల్లో మనిషికి గాలి ఎలా తగలాలో ఉంది, దారానికి తగలకూడదని ఎక్కడా లేదు. నేను చదివిన పుస్తకాలన్నీ ఇంట్లో పడక్కుర్చీలో కూర్చునే మనిషి గురించి రాసినవి కాబోలు.

అవతల బల్లమీద కాగితాలు తీస్తున్నారు. ఏం చేయాలో తోచలేదు. చెబితే సంతకాలు ఆగుతాయి. చెప్పకపోతే నేయడానికి వీల్లేని హాలు వాళ్ల నెత్తిన పడుతుంది, రేపు ఆ కన్నాల మీద చెయ్యి వేయాలన్నా అనుమతులు కావాలి. అటు రెండడుగులు వేశాను, ఇటు రెండడుగులు వేశాను. చివరికి, చదువుకున్నవాడిలా నిజం చెప్పడమే ధర్మం అనుకున్నాను.

"అయ్యా, ఒక్క మాట. ఈ గాలికి పడుగు తెగిపోతోంది. గోడలో మార్పు చేయాలి."

కాగితాలు తీస్తున్నవాళ్లు నా వైపు తిరిగారు. ఈఈ గారి మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు.

తనిఖీ పెద్ద నన్ను, గోడని, మగ్గాన్ని మార్చిమార్చి చూశాడు. "అంటే ఇది నేతకి పనికిరాదంటారా? మరి ఇంకెవరికైనా..."

ఆ వాక్యం పూర్తికాలేదు. పెద్దాయన గుంటలోంచి లేచి నిలబడ్డాడు. ఒళ్లంతా నూలు ధూళి. చేతులు జోడించాడు.

"అబ్బే, అదేం లేదండీ! బ్రహ్మాండంగా ఉందండీ. కొత్త చోటు గదా, మగ్గం ఇంకా కుదురుకోలేదు. ఈ సారుకి మగ్గం సంగతి తెల్దండీ. ఏదో పుస్తకాలు చదువుతుంటారంట."

అందరూ హాయిగా నవ్వారు. ఈఈ గారు అందరికంటే గట్టిగా నవ్వారు. సంతకాలు పడ్డాయి. ఫలకం బిగించారు. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. కన్నాల్లోంచి గాలి నా వీపుకి తగులుతూనే ఉంది.

కార్లు వెళ్లాక పెద్దాయన్ని పట్టుకున్నాను. అవమానం, కోపం, ఏదో. "మీకోసం చెబితే నన్నే వెర్రివాణ్ణి చేశారేంటండీ?"

ఆయనకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. "ఎవరు చెప్పమన్నారు సారూ మిమ్మల్ని? ఇంకొక్క మాటంటే హాలు ఆ పక్కాఫీసోళ్లకి పోయుండేది. మా మగ్గాలు మళ్లీ ఆ నీళ్లలోకే. గాలిని మేం ఆపుకోగలం. వాననే ఆపుకోలేం." కొంచెం తగ్గి, "మంచోరేలెండి మీరు. కానీ అడక్కుండా మంచి చేస్తారు" అన్నాడు.

ఆ మాట మెచ్చుకోలో తిట్టో అప్పుడూ తెలియలేదు. ఇంటికి వచ్చి నోటుపుస్తకం తెరిస్తే "దయనీయం" అని నా దస్తూరీ కనిపించింది. కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తోచక పుస్తకం మూసేశాను.

జూన్‌లో వాళ్లు మగ్గాలతో హాల్లోకి మారారు, ఇళ్లు మాత్రం పాత సందులోనే. ఆ వానాకాలం పన్నెండు మగ్గాల్లో ఒక్కటీ ఆగలేదని విన్నాను. సంతోషించాను. ఎలా నేస్తున్నారో మాత్రం చూడటానికి వెళ్లలేదు. సిగ్గు.

మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, మరుసటి ఎండాకాలంలో, నా సర్వీసులో ఆఖరి నెలలో. ఫలకం ఇచ్చినవాళ్లు ఫొటోలతో ఉత్తరం పంపారు. "గాలి మార్గాలు మూసివేయబడ్డాయి. వివరణ ఇవ్వండి." అప్పగింత కాగితాల్లో ఒక షరతు ఉంది. వాడుకునేవాళ్లు భవనం డిజైనుకి అడ్డం వస్తే అప్పగింత రద్దు చేయవచ్చు. ఈఈ గారు ఉత్తరం నా బల్లమీద పడేశారు.

"నీ గోడ. నువ్వే చూసి రా. వాళ్లు మూశారని రాస్తే వాళ్లు పోతారు. మూయలేదని రాస్తే మనం పోతాం. ఏ లైబ్రరీలో ఉందో చూడు దీనికి జవాబు."

వెళ్లి హాలు తలుపు తోశాను. మొదట ఏమీ కనిపించలేదు, తరవాత కళ్లు కుదురుకున్నాయి. నేను గీసిన కన్నాలన్నీ మూసేశారు. బురదమట్టి, ఊక, నూలు తుక్కు కలిపి మెత్తగా పూడ్చి, పైన సున్నం పూశారు. నేర్పుగా చేసిన పని. పై రెండు వరసల్లో మాత్రం పాత కిటికీల అద్దం ముక్కలు మట్టిలో బిగించారు, వెలుగు రావడానికి. గాలి లేదు, వెలుగుంది. ఆ అద్దాల్లోంచి పడే ఎండ పట్టీలా పడుగు మీదుగా పోతోంది. ఇంత తెలివైన ఉపాయం నా పదకొండు నోటుపుస్తకాల్లో లేదు. సిమెంటు చెంచాడు కూడా వాడలేదు. కర్బనం లెక్క వేసినా నా గోడకంటే వాళ్ల పూడిక తక్కువే తేలుతుంది.

కానీ ఉక్క. పన్నెండు మంది మగ్గాల్లో చెమటతో కారిపోతున్నారు. రెండు నిమిషాల్లో నా చొక్కా ఒంటికి అంటుకుంది. మరి నేను మొదట అనుకున్నది పూర్తిగా తప్పేనా? మనిషికి గాలి అక్కరలేదా?

"ఇంత ఉక్కలో ఎలాగండీ?" అన్నాను పెద్దాయనతో.

"నేతంటేనే ఉక్క సారూ. ఇది మా నాయన ఉక్కే." నవ్వాడు. "పోగు మాత్రం హాయిగా ఉంది."

ఆయన మగ్గం పక్కన, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, ఒకే ఒక్క కన్నం మూయకుండా ఉంది. నాకు ఎక్కడో ఆశ పుట్టింది. ఒక్కటైనా గాలికి వదిలారన్నమాట.

"ఇది గాలికేనా?"

"గాలికి కాదండీ. ఇంటికాడైతే ఆవిడ పక్కనే కండెలు చుట్టేది. ఇప్పుడు చుట్టి, ఆటోలో పట్టుకురావాల. పేక అయిపోయే వేళకి వస్తందో లేదో చూసుకోవద్దూ?"

అప్పుడే సంచీతో లోపలికి వచ్చిన ఆయన భార్య అందుకుంది. "నన్ను చూడ్డానిక్కాదులెండి సారూ. ఫ్లాస్కు చూడ్డానికి. టీ తేకపోతే ఆ కన్నంలోంచే కళ్లురుముతాడు."

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగి నవ్వాయి. ఆవిడ నాకూ టీ పోసింది. ఉక్కలో వేడి టీ. తాగుతుంటే ఆ పెద్దాయన భార్యని పక్కనే పెట్టుకుని నేసుకున్న మనిషన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. వాళ్లని కూడా నేనే విడదీశాను. గోడ గీసేటప్పుడు రాట్నాలు ఎక్కడ పెట్టాలన్నది నేను గానీ, ఆర్కిటెక్టు అమ్మాయి గానీ, ఎవరమూ అనుకోలేదు.

ఆఫీసుకి వచ్చి మూడు రోజులు కూర్చున్నాను. ఆర్కిటెక్టు అమ్మాయికి ఫోన్ చేశాను. అద్దాల సంగతి చెబితే, "ఫొటో పంపండి అంకుల్, ప్లీజ్" అని చాలాసేపు సంబరపడింది. తరవాత మెల్లగా, "మనమే డిజైను మార్చామని సవరించిన డ్రాయింగు ఇస్తే వాళ్ల తప్పుండదు. కానీ గాలికి వచ్చిన మార్కులు పోతాయి. ఫలకం తీసేస్తారు" అంది.

"నీ పేరు పోదామ్మా?"

"పోతుంది" అంది. "అయినా గీయండి" అంది.

గీశాను. తూర్పు గోడ, పడమటి గోడ, మట్టి పూడిక, పైన అద్దాల వరసలు. నా సర్వీసులో ఆఖరి షీటు అది. మనుషులు కట్టుకున్నదాన్ని చూసి నేను గీయడం అదే మొదలు. అది సరైన పనో కాదో నాకు ఇప్పటికీ సందేహమే. ఆ ఉక్కలో రేపు ఎవరికైనా ఏదైనా అయితే, సంతకం మా శాఖది, గీత నాది. గాలి కావాలని గీసినప్పుడూ నేను నమ్మే గీశాను, వద్దని గీసినప్పుడూ అంతే. రెండుసార్లూ చెయ్యి ఒకే రకంగా కదిలింది.

షీటు ఈఈ గారి ముందు పరిచాను. ఆయన గదిలో గోడకి ఫలకం అందుకుంటున్న ఫొటో ఉంది. చాలాసేపు షీటు చూశారు, ఫొటో వైపు చూడలేదు.

"దీనిమీద సంతకం పెడితే ఫలకం పోతుంది. తెలుసుగా?"

"తెలుసండీ."

"పెట్టకపోతే?"

"మగ్గాలు పోతాయండీ. మళ్లీ ఆ పల్లపు సందులోకే."

పెన్ను తీశారు. మళ్లీ ఆగి, పడమటి గోడలో నేను గీసిన ఆ ఒక్క కన్నం మీద వేలు పెట్టారు. "అన్నీ మూసి ఇదొక్కటి ఏంటయ్యా లైబ్రరీ? మర్చిపోయావా?"

చెప్పాను. కండెల సంచీ, ఆటో, ఫ్లాస్కు, అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అవసరమై తుడిచారో, ఆలోచించడానికి తుడిచారో. తరవాత కింద పొడుగ్గా సంతకం పెట్టి, షీటు నా వైపు తోశారు.

"దాని పక్కన వెంటిలేషన్ అని రాయి. అబద్ధమేం కాదుగా" అన్నారు.

రాశాను.